నియంత్రిత సంస్థల్లో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ విఫలమైతే: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ, గుంటూరుల్లోని ఆసుపత్రులు, రోగనిర్ధారణ ల్యాబులు, మిర్చి ఎగుమతుల కోసం పరీక్షలు జరిపే ల్యాబులు, పట్టణ సహకార బ్యాంకుల్లో కంప్యూటర్ల బాధ్యత చూసేవారు, నాణ్యతా విభాగాల వారు పదే పదే అడిగే సందేహాలను ఇక్కడ ఒకచోట చేర్చాను. అప్‌డేట్ ఎవరి దగ్గరైనా విఫలం కావచ్చు కనుక, వెనక్కి వచ్చే దారిని ఒకసారి నడిచి చూసిన తర్వాతే ముందుకు వెళ్లాలన్నది నా గట్టి నమ్మకం. జవాబులన్నీ ఆ దృష్టితోనే రాశాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## నిర్ణయం తీసుకునే ముందు

అంతా బాగానే నడుస్తోంది కదా, అప్‌డేట్ చేయకుండా వదిలేస్తే ఏమవుతుంది?

బాగా నడుస్తున్న కంప్యూటర్‌లోనే అందరికీ తెలిసిపోయిన లోపం ఉండవచ్చు. విండోస్‌లోని అటువంటి ఒక లోపానికి మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14న ప్యాచ్ (లోపాన్ని సరిచేసే చిన్న అప్‌డేట్) విడుదల చేసింది. అదే లోపాన్ని ఆసరా చేసుకుని మే 12న వన్నాక్రై అనే, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్ ప్రపంచమంతా పాకింది. దాదాపు రెండు నెలల వ్యవధి ఉన్నప్పటికీ ప్యాచ్ వేయని సంస్థలు దెబ్బతిన్నాయి. ఇంగ్లండ్‌లో 236 ప్రభుత్వ ఆరోగ్య ట్రస్టులకు గాను కనీసం 80 ట్రస్టుల పని దెబ్బతినగా, మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. కాబట్టి అప్‌డేట్ చేయకపోవడం కూడా ఒక నిర్ణయమే. ఎందుకు ఆపారు, ఎప్పటివరకు ఆపుతారు, ఈలోగా రక్షణ ఏమిటి అన్నవి రాసి, బాధ్యత గల అధికారి సంతకం తీసుకోవాలి. గడువు తేదీ లేని వాయిదాను నేను వాయిదాగా లెక్కించను.

మాది చిన్న ల్యాబ్. సాఫ్ట్‌వేర్ మార్పులను ముందే అనుమతి తీసుకుని, రాసి ఉంచి చేయాలనే చేంజ్ కంట్రోల్ నియమాలు మాకూ వర్తిస్తాయా?

ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉంటే వర్తిస్తాయి. ఐఎస్ఓ/ఐఈసీ 17025:2017 ప్రమాణంలోని 7.11 విభాగం ప్రకారం ల్యాబ్ సాఫ్ట్‌వేర్‌లో మార్పు ఏదైనా, చివరికి బజారులో కొన్న సాఫ్ట్‌వేర్‌లో చేసే సవరణ అయినా, అమలుకు ముందే అనుమతి పొంది, నమోదు చేసి, ధ్రువీకరించాలి. వైద్య ల్యాబులకు ఐఎస్ఓ 15189:2022 ఉంది. పట్టణ సహకార బ్యాంకులకు వాటి డిజిటల్ సేవల విస్తృతిని బట్టి నాలుగు స్థాయిలుగా సైబర్ భద్రతా నియంత్రణలను రిజర్వు బ్యాంకు 2019 డిసెంబరు 31న నిర్దేశించింది. వాణిజ్య బ్యాంకులకు 2023 నవంబరు 7 నాటి ఐటీ పాలనా ఆదేశం 2024 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. సంస్థ చిన్నదైతే కాగితం తగ్గుతుంది, బాధ్యత తగ్గదు. ఒక్క పేజీ ఫారంలో ఏమి మారుతోంది, ఏమి చెడవచ్చు, ఎలా వెనక్కి వస్తాం, ఎవరు ఒప్పుకున్నారు అన్న నాలుగు విషయాలు ఉంటే చిన్న ల్యాబుకు చాలు.

ప్రతి అప్‌డేట్‌కూ వ్యాలిడేషన్ (సాఫ్ట్‌వేర్ సరిగ్గా పనిచేస్తోందని నిర్ధారించే పరీక్షలు) మొత్తం మొదటి నుంచి చేయాలా?

అవసరం లేదు. అలా చేయాలని పట్టుబట్టిన చోటనే చివరకు అప్‌డేట్లు ఆగిపోతాయి. కంప్యూటర్ వ్యవస్థల వ్యాలిడేషన్‌పై 2022లో వచ్చిన గాంప్ 5 మార్గదర్శి రెండో కూర్పు సహా నేటి మార్గదర్శకాలన్నీ ప్రమాద తీవ్రతను బట్టి పరీక్ష చేయమంటున్నాయి. అప్‌డేట్ ఫలితాన్ని లెక్కించే భాగాన్ని తాకుతోందా, రికార్డులు లేదా ఆడిట్ ట్రయిల్ (ఎవరు ఎప్పుడు ఏమి మార్చారన్న చిట్టా) నిల్వ అయ్యే తీరును మారుస్తోందా, ఎవరు ఏమి చేయగలరన్న హక్కులను కదిలిస్తోందా అని చూడండి. మూడింటికీ కాదన్న జవాబు వస్తే కొద్దిపాటి పనితీరు పరీక్ష సరిపోతుంది. ఒక్కదానికి అవునన్నా ఆ భాగాన్ని లోతుగా పరీక్షించాలి.

మిర్చి ల్యాబును ఉదాహరణగా తీసుకుందాం. యూరోపియన్ యూనియన్‌లో మిర్చికి అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల పుట్టే విషం) బీ1 పరిమితి కిలోకు 5 మైక్రోగ్రాములు, మొత్తం అఫ్లాటాక్సిన్లకు 10 మైక్రోగ్రాములు. నమూనాలోని పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్, గ్రాఫ్‌లో పీక్ (శిఖరం) అడుగున గీసే బేస్‌లైన్‌ను రవ్వంత మార్చినా 4.9 వచ్చిన నమూనా 5.1 కావచ్చు, లేదా 5.1 ఉన్నది 4.9గా బయటకు పోవచ్చు. అందుకే అప్‌డేట్‌కు ముందు పరిమితికి అటూ ఇటూ ఉన్న పాత నమూనాల ముడి డేటాను ఎంచుకుని, అదే డేటాను కొత్త వెర్షన్‌లో మళ్లీ ప్రాసెస్ చేసి, పీక్ వైశాల్యాలను పక్కపక్కన పెట్టి సరిచూడాలి. ఎంత తేడా వరకు అంగీకరిస్తారో ముందే రాసుకోవాలి. అంకెలు చూసిన తర్వాత నిర్ణయించిన పరిమితికి విలువ లేదు.

మెషిన్ కంపెనీ సర్వీస్ ఇంజినీర్ విండోస్ అప్‌డేట్లు ఆపేయమన్నారు. ఆయన మాట వినాలా?

వినవచ్చు, కానీ నోటిమాటగా కాదు. ఏ వెర్షన్ వరకు తాము పరీక్షించారో, ఏ ప్యాచ్‌లు వేయవచ్చో కంపెనీ లెటర్‌హెడ్ మీదనో అధికారిక ఈమెయిల్‌లోనో అడగండి. రక్తపరీక్షల అనలైజర్, సీటీ స్కాన్ కన్సోల్ వంటివాటిలో విండోస్ కూడా పరికరంలో భాగంగానే పరీక్షకు వెళ్లి ఉంటుంది కనుక, తయారీదారు ఆమోదించని ప్యాచ్ వేస్తే బాధ్యత మీ మీదకు వస్తుందన్నది నిజమే. అయితే ‘ఆపేయండి’ అన్న మాట ఏళ్ల తరబడి కొనసాగడం మాత్రం ప్రమాదకరం. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2020 జనవరి 14న, విండోస్ 10కు 2025 అక్టోబరు 14న ముగిసింది. ఈ రెండింటి మీద నడుస్తున్న పరికరాలు మన ఊళ్లలో ఇంకా ఉన్నాయి.

అప్‌డేట్ చేయలేని కంప్యూటర్‌ను మిగతా నెట్‌వర్క్ నుంచి వేరు చేయండి. ఫలితాలు పంపవలసిన ఒక్క సర్వర్‌కు తప్ప మరి దేనికీ దారి లేకుండా ఫైర్‌వాల్‌లో కట్టడి చేయండి. పెన్‌డ్రైవ్ పెట్టే వీలు తీసివేయండి. ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) రెన్యువల్ సమయంలో మీ మాటకు బలం ఉంటుంది. ప్యాచ్ జాబితాను ఎన్నాళ్లకొకసారి ఇవ్వాలో ఆ ఒప్పందంలోనే రాయించండి.

యాంటీవైరస్ తనంతట తానే అప్‌డేట్ అవుతుంది. దానికి కూడా అనుమతి ప్రక్రియ కావాలా?

ప్రతిసారీ సంతకం కుదరదు. కానీ దానిని చేంజ్ కంట్రోల్ పరిధి నుంచి పూర్తిగా వదిలేయకూడదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపిన ఒక కంటెంట్ ఫైలు (ముప్పులను గుర్తుపట్టే వివరాల ఫైలు) మన సమయం ప్రకారం ఉదయం 9:39కి విడుదలై, 10:57కి ఉపసంహరణకు గురైంది. ఆ 78 నిమిషాల్లో దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెరతో ఆగిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. చాలా సంస్థలు సెన్సర్ (యంత్రంలో నడిచే దాని ప్రోగ్రామ్) వెర్షన్‌ను ఒకటి రెండు మెట్లు వెనుక ఉంచుకునే ఏర్పాటు చేసుకున్నాయి. అయినా కంటెంట్ ఫైలు ఆ ఏర్పాటుకు లోబడకుండా అందరికీ ఒకేసారి చేరింది. మీరు వాడే ఉత్పత్తిలో ప్రోగ్రామ్ వెర్షన్, వైరస్ ఆనవాళ్ల (సిగ్నేచర్) ఫైళ్లు, కంటెంట్ ఫైళ్లు విడివిడిగా వస్తాయా, వేటిని మీరు ఆలస్యం చేయగలరు అని విక్రేతను రాతపూర్వకంగా అడగండి. ఆలస్యం చేసే వీలుంటే రిసెప్షన్, అకౌంట్స్ కంప్యూటర్లకు ముందుగా, ఐసీయూ, బ్లడ్‌బ్యాంకు, కోర్ బ్యాంకింగ్ యంత్రాలకు కొన్ని గంటల తర్వాత వచ్చేలా పెట్టండి.

## సిద్ధమయ్యేటప్పుడు

రోజూ బ్యాకప్ తీస్తున్నాం. రోల్‌బ్యాక్‌కు (పాత స్థితికి తిరిగి వెళ్లడానికి) అది సరిపోదా?

ఆ బ్యాకప్‌ను ఖాళీ యంత్రం మీదకు తిరిగి ఎక్కించి, సాఫ్ట్‌వేర్ తెరిచి, నిన్నటి రోగి రిపోర్టో నిన్నటి ఖాతా నిల్వో సరిచూసిన రోజు ఎప్పుడైనా ఉందా? లేకపోతే మీ దగ్గర ఉన్నది ఫైలు మాత్రమే. రిస్టోర్‌కు ఎంతసేపు పట్టిందో గడియారం పెట్టి రాసుకోండి. ఆ అంకె తెలియకుండా అప్‌డేట్‌కు కేటాయించిన సమయం చాలుతుందో లేదో చెప్పలేరు. డేటాబేస్‌తో పాటు లైసెన్స్ ఫైలు, ఇంటర్‌ఫేస్ సెట్టింగులు, ప్రింటర్ డ్రైవర్లు, బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కు వేసే తాళం) రికవరీ కీ కూడా బయట భద్రంగా ఉండాలి. రికవరీ కీల జాబితాను, ఆ కీతో తెరవవలసిన సర్వర్‌లోనే దాచుకున్న సంస్థలను చూశాను. కాగితం మీద ముద్రించి, సీలు వేసి, మెడికల్ సూపరింటెండెంట్ లేదా మేనేజర్ బీరువాలో పెట్టడం పాత పద్ధతిలా కనిపించినా అది పనిచేస్తుంది.

పరీక్షల కోసం విడిగా సర్వర్ కొనే స్తోమత లేదు. ఏం చేయాలి?

పాత డెస్క్‌టాప్ మీద వర్చువల్ మెషిన్ (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌గా నడిచే మరో కంప్యూటర్) పెట్టి, రిస్టోర్ చేసిన బ్యాకప్‌తో పరీక్షించవచ్చు. రోగుల, ఖాతాదారుల వివరాలు అందులోకి వస్తాయి కనుక అసలు సర్వర్‌కు ఉన్నంత రక్షణ దానికీ ఉండాలి; ఎస్ఎంఎస్, ఈమెయిల్ పంపే ఏర్పాట్లను మాత్రం తప్పక తెంచండి, లేకపోతే పరీక్ష రిపోర్టులు నిజమైన రోగుల ఫోన్లకు వెళ్తాయి. నకలు యంత్రం అసలుకు ఎక్కడెక్కడ తేడాగా ఉందో రాసి ఉంచడం కూడా ముఖ్యం. బ్రిటన్‌లోని టీఎస్‌బీ బ్యాంకు 2018 ఏప్రిల్‌లో కొత్త వ్యవస్థకు మారినప్పుడు, రెండు డేటా సెంటర్లలో ఒకదానిపైనే సామర్థ్య పరీక్షలు జరిగాయని తర్వాతి విచారణలో తేలింది. ఖాతాదారులు రోజుల తరబడి లాగిన్ కాలేకపోయారు; 2022 డిసెంబరులో నియంత్రణ సంస్థలు 4.865 కోట్ల పౌండ్ల జరిమానా విధించాయి.

ఏ రోజున చేయడం మంచిది?

సెలవు రోజున చేస్తే ఇబ్బంది ఉండదనుకోవడం సహజం. కానీ సెలవు రోజున విక్రేత సపోర్ట్ లైన్‌లో కూడా సెలవే ఉంటుంది. సాయం దొరికే రోజు, పని తక్కువగా ఉండే సమయం రెండూ కలిసే చోటు వెతకండి. వారం మధ్యలో సాయంత్రం చాలా సంస్థలకు సరిపడుతుంది. గుంటూరు మిర్చి ల్యాబులు, ఆ వ్యాపారంతో ముడిపడిన బ్యాంకు శాఖలు సీజన్ జోరుగా ఉండే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు అత్యవసర భద్రతా ప్యాచ్‌లు తప్ప మరేవీ ముట్టుకోకపోవడం మంచిది. మిర్చి యార్డుకు వేసవి సెలవులు ఇచ్చే రోజులు పెద్ద అప్‌డేట్లకు అనువుగా ఉంటాయి. విజయవాడ ఆసుపత్రులు దసరా నవరాత్రుల రద్దీని తప్పించుకోవాలి. బ్యాంకులు మార్చి నెలాఖరు, ప్రతి నెలా మొదటి రోజుల జోలికి పోకూడదు.

డేటాబేస్ నిర్మాణం మారిపోతే ఇక వెనక్కి రాలేమంటున్నారు. అప్పుడెలా?

అది నిజమే. కొత్త వెర్షన్ పట్టికల నిర్మాణాన్ని మార్చి, ఆ తర్వాత రెండు గంటల పాటు కొత్త రికార్డులు చేరాక పాత బ్యాకప్‌కు వెళ్తే ఆ రెండు గంటల రికార్డులు పోతాయి. అటువంటి అప్‌డేట్‌లో ఏ నిమిషం దాటిన తర్వాత వెనక్కి రావడం కుదరదో ముందే గుర్తించి, ప్రణాళికలో ఎర్రటి గీత గీయండి. ఆ గీతకు ఇవతలే పరీక్షలన్నీ పూర్తి కావాలి, వాడుకదారులకు లాగిన్ ఇవ్వడం దానికి అవతల జరగాలి. గీత దాటాక సమస్య వస్తే ముందుకు వెళ్లి సరిచేయడమే మార్గం కనుక, ఆ రాత్రి విక్రేత తరఫు డెవలపర్ అందుబాటులో ఉంటారన్న హామీ లేనిదే మొదలుపెట్టవద్దు.

## అప్‌డేట్ జరిగే వేళ

ఇక ఆపి వెనక్కి వచ్చేద్దామని ఎవరు చెప్పాలి?

ఒక్కరే చెప్పాలి, ఆ పేరు ముందే రాసి ఉండాలి, ఆ మనిషి కీబోర్డు ముందు కూర్చున్న ఇంజినీర్ కాకూడదు. పనిలో మునిగిన వారికి ఇంకో పది నిమిషాల్లో అయిపోతుందనే అనిపిస్తుంది. ‘రాత్రి 11:30కి ల్యాబ్ సాఫ్ట్‌వేర్‌లో పరీక్ష నమూనా రిజిస్టర్ కాకపోతే వెనక్కి వస్తాం’ అన్నంత స్పష్టంగా షరతు ఉంటే వాదన ఉండదు. రిస్టోర్‌కు పట్టే సమయాన్ని తెల్లవారే డ్యూటీ నుంచి వెనక్కి లెక్కిస్తే ఆ గడియ వస్తుంది.

అన్ని కంప్యూటర్లకూ ఒకేసారి వేయవచ్చా?

ఒకే రకమైన పని చేసే యంత్రాలను విడతలుగా మార్చండి, కానీ ఏది ఏ వెర్షన్‌లో ఉందో ప్రతి విడత చివర ఇద్దరు విడివిడిగా సరిచూడాలి. అమెరికాలో షేర్ల వ్యాపారం చేసే నైట్ క్యాపిటల్ సంస్థలో 2012లో ఎనిమిది సర్వర్లలో ఏడింటికే కొత్త కోడ్ చేరింది. మిగిలిన ఒక్కదానిని రెండో వ్యక్తి ఎవరూ తనిఖీ చేయలేదు. ఆగస్టు 1 ఉదయం మార్కెట్ తెరవగానే ఆ ఒక్క సర్వర్‌లోని పాత కోడ్ ఆర్డర్లు కురిపించింది. కంగారులో ఆ సంస్థ సవ్యంగా ఉన్న ఏడు సర్వర్ల నుంచి కొత్త కోడ్ తీసివేయడంతో సమస్య మరింత పెరిగింది. 45 నిమిషాల్లో జరిగిన నష్టం 46 కోట్ల డాలర్లకు పైనే. తొందరలో చేసిన రోల్‌బ్యాక్ కూడా పరీక్షించని మార్పే అవుతుందని గుర్తుంచుకోండి.

మధ్యలో కరెంటు పోతే?

సాధారణ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఆగిపోతే చాలావరకు కోలుకుంటుంది. బయోస్, స్విచ్, అనలైజర్ బోర్డు ఫర్మ్‌వేర్ (పరికరంలోనే నాటిన సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ మధ్యలో ఆగితే ఆ బోర్డే పనికిరాకుండా పోవచ్చు. మే నెల ఎండల్లో యూపీఎస్ బ్యాటరీలు బలహీనపడతాయి. ఫర్మ్‌వేర్ మార్చే ముందు లోడుతో యూపీఎస్‌ను నడిపి ఎంతసేపు నిలుస్తుందో చూడండి, జనరేటర్ డీజిల్ చూడండి.

## విఫలమైనప్పుడు

తెర నీలం రంగులోకి మారి ఆగిపోయింది. మొదట ఏం చేయాలి?

ఫోన్‌తో తెరను ఫొటో తీయండి, సమయం రాయండి, మిగతా యంత్రాలకు వెళ్తున్న అప్‌డేట్‌ను ఆపండి. ఆ తర్వాతే మరమ్మతు. ఒకే యంత్రాన్ని పదే పదే రీస్టార్ట్ చేస్తే ఆధారాలు చెరిగిపోవచ్చు. ఈలోగా మరొకరు వార్డులకు, కౌంటర్లకు కాగితం పద్ధతికి మారమని చెప్పాలి. మరమ్మతు చేసేవారే ఆ ఫోన్లు కూడా చేస్తే రెండు పనులూ చెడతాయి.

సిస్టమ్ లేని సమయంలో కాగితం మీద రాసిన ఫలితాలను తర్వాత ఎలా ఎక్కించాలి? పాత సమయం వేయవచ్చా?

కంప్యూటర్ గడియారాన్ని వెనక్కి తిప్పి ఎక్కించడం తీవ్రమైన తప్పు. ఆడిట్ ట్రయిల్ మొత్తం మీద నమ్మకం పోతుంది. నమూనా తీసుకున్న సమయం, పరీక్ష పూర్తయిన సమయం అనే గడుల్లో నిజంగా జరిగిన సమయం వేయండి. నమోదు సమయం మాత్రం కంప్యూటర్ తనంతట తాను వేసేదే ఉండనివ్వండి, వ్యాఖ్యలో డౌన్‌టైమ్ ఫారం సంఖ్య రాయండి. ఒకరు ఎక్కించినదాన్ని మరొకరు కాగితంతో సరిచూసి సంతకం చేయాలి. అసలు కాగితాన్ని పారేయకూడదు, ఎందుకంటే మొదటి రికార్డు అదే. ముందే వరుస సంఖ్యలు వేసిన ఫారాలు ప్రతి విభాగంలో ఉంటే ఎన్ని వాడారు, ఎన్ని ఎక్కాయి అన్నది లెక్క తేలుతుంది. పొటాషియం మరీ ఎక్కువ లేదా తక్కువ రావడం వంటి ప్రాణాపాయ ఫలితాలను ఎవరికి ఫోన్‌లో చెప్పారో, వారు తిరిగి చదివి వినిపించారో లేదో కూడా ఆ ఫారంలోనే గడి ఉండాలి.

అప్‌డేట్ విఫలమైందని ప్రభుత్వానికి తెలియజేయాలా?

సైబర్ దాడి ఛాయలు ఉంటే కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు గుర్తించిన 6 గంటలలోపు తెలియజేయాలని 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాలు చెబుతున్నాయి. లాగ్‌లను 180 రోజులు ఉంచాలని కూడా అవే ఆదేశిస్తున్నాయి. బ్యాంకులు అసాధారణ సైబర్ సంఘటనలను 2 నుంచి 6 గంటలలోపు రిజర్వు బ్యాంకుకు తెలపాలి. దాడి కాదు, ప్యాచ్ లోపమే అని తేలడానికి సమయం పడుతుంది, గడువు మాత్రం ఆగదు. ఏ స్థాయి ఆటంకాన్ని నివేదించాలో, ఎవరు నివేదించాలో సంస్థ విధానంలో ముందే రాసి ఉంచుకోవడం ఒక్కటే దీనికి మార్గం.

విక్రేత హైదరాబాద్ నుంచి రిమోట్‌లో లాగిన్ అయి సరిచేసి వెళ్లిపోయారు. ఇక పని అయినట్టేనా?

కాలేదు. ఆయన ఏ ఫైలు మార్చారో, ఏ ఆదేశం నడిపారో రాతలో తీసుకోండి. వీలైతే సెషన్ రికార్డు చేయండి. అర్ధరాత్రి డేటాబేస్‌లో నేరుగా దిద్దిన ఒక్క విలువ కూడా మీ రికార్డులో మార్పు కిందకే వస్తుంది. అత్యవసర మార్పుకు అనుమతి ముందు నోటిమాటగా ఇచ్చినా, తర్వాతి పనిదినానికి రాతలోకి రావాలి. రిమోట్ లాగిన్‌ను మూసి, పాస్‌వర్డ్ మార్చడం మరవవద్దు.

## తర్వాతి రోజుల్లో

విఫలమైందని రికార్డులో రాస్తే ఆడిటర్ తప్పు పట్టరా?

విఫలమైన అప్‌డేట్ ఒక్కటి కూడా లేని లాగ్‌బుక్ చూస్తేనే అనుభవం ఉన్న ఆడిటర్‌కు అనుమానం వస్తుంది. డీవియేషన్ (నిర్దేశిత పద్ధతి నుంచి తప్పిన సంఘటన) నమోదు చేసి, ఆ సమయంలో వెలువడిన రిపోర్టులు ఏవి, వాటిలో తిరిగి చూడవలసినవి ఉన్నాయా, రోగికి లేదా ఎగుమతిదారుకు దిద్దిన రిపోర్టు ఇచ్చారా అన్నవి చూపిస్తే ఆయన అడిగే ప్రశ్నలు చాలావరకు అక్కడే తీరిపోతాయి. కారణంలో ‘మానవ తప్పిదం’ అని రాసి ముగించవద్దు. ఆ మనిషి తప్పు చేసే వీలు ఎక్కడ మిగిలిందో రాయండి. దాచిన వైఫల్యం దొరికితే మాత్రం చర్చ సాఫ్ట్‌వేర్ నుంచి సంస్థ నిజాయితీ మీదకు మళ్లుతుంది, అక్కడి నుంచి తేరుకోవడం కష్టం.

అప్‌డేట్ తర్వాత అంతా బాగుంది, కానీ బార్‌కోడ్ ప్రింటర్ ఆగిపోయింది. ఇది కూడా నమోదు చేయాలా?

తప్పకుండా. ట్యూబు మీద లేబుల్ లేకపోతే చేతిరాత మొదలవుతుంది, నమూనాలు తారుమారయ్యేది అక్కడే. 2021లో ప్రింటింగ్ లోపాన్ని మూయడానికి వచ్చిన విండోస్ ప్యాచ్‌ల తర్వాత ప్రింటర్ డ్రైవర్ వేయడానికి అడ్మిన్ హక్కు తప్పనిసరి అయింది. తర్వాతి పరీక్ష జాబితాలో ప్రతి కౌంటర్ నుంచి ఒక లేబుల్, ఒక తెలుగు రిపోర్టు ముద్రించి చూడడం చేర్చండి.

వరద వల్ల చాలా రోజులు ఆఫ్‌లో ఉన్న యంత్రాలను తిరిగి ఎలా వాడుకలోకి తేవాలి?

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం ప్రాంతాలు మునిగినప్పుడు విజయవాడలో చాలామందికి ఈ ప్రశ్న ఎదురైంది. పేరుకుపోయిన అప్‌డేట్లన్నీ ఆన్ చేసిన వెంటనే ఒక్కసారిగా దిగడం మొదలుపెడతాయి, ఏది చెడగొట్టిందో తర్వాత కనుక్కోలేరు. తడి తగలని యంత్రాన్ని ముందు నెట్‌వర్క్ కేబుల్ లేకుండా ఆన్ చేయండి. తేదీ, సమయం సరిచూసి, డేటాబేస్ తెరుచుకుంటోందో చూసి, వెంటనే బ్యాకప్ తీయండి. ఆ తర్వాత యాంటీవైరస్, దాని వెనుక విండోస్ ప్యాచ్‌లు, చివరగా మీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఒక్కొక్కటిగా వేస్తూ, మధ్యలో ప్రతిసారీ పరీక్ష రిపోర్టు తీసి చూడండి. కొలతలు తీసే పరికరమైతే కంట్రోల్ నమూనా (విలువ ముందే తెలిసిన నమూనా) ఫలితం సరైన పరిధిలో వచ్చేవరకు దాని నుంచి ఒక్క ఫలితం కూడా బయటకు పంపకూడదు.